ఇంగ్లీషులో లేని మాట

"ముందు ఒక మాట సెప్పు శేషన్నా," అన్నాడు మగ్గం నేసే రంగన్న. "మా చీరల గురించి ఢిల్లీ ఎగ్జిబిషన్‌కు ఇంగ్లీషులో నాలుగు పేజీలు రాసి పంపాల. అది తప్పుపోతే మా వీధి వీధంతా నగుబాటయితాం. నీకు నిజంగా అంత ఇంగ్లీషు వస్తాదా?"

ఎమ్మిగనూరులో హుసేనమ్మ టీ అంగడి ముందర బెంచీ మీద కూచోనున్న శేషప్ప గ్లాసు కింద పెట్టినాడు. కథలు రాస్తానని ఊరంతా సెప్పుకొనే మనిషి.

"వస్తాదా అని అడుగుతావా రంగన్నా? నాది మామూలు ఇంగ్లీషు కాదప్పా. యస్సు, నో, థాంక్యూ అందరి దగ్గరా ఉంటాయి. నేను ఏరేది యాడా దొరకని మాటలు. ఒక్కో మాట ఒక్కో పనికే, ఇంకోదానికి వాడితే పాడైపోతాది. ఒకతూరి ఆదోనిలో బజ్జీలు కొంటే, చుట్టిచ్చిన కాగితంలో దొరికింది మొదటిది. పెట్రికోర్. అంటే ఏందో తెల్సునా? ఎండిన నేల మీద తొలివాన పడితే లేసే వాసన."

"అర్థం కూడా ఆ కాగితంలోనే ఉండెనా?" పాలు కలుపుతూనే అడిగింది హుసేనమ్మ.

"నూనె మరక పక్కనే ఉండె అక్కా. ఆ మాట పట్టుకొని కర్ణాటక గడి మీదుండే హొళగుందకు పోయినా. ఆడ మూడేండ్లుగా సుక్క లేదు. సేను గట్టు మీద నిలబడి ఒక్కసారి అన్నా, పెట్రికోర్ అని. ముందు వాసన వచ్చింది. వాసన వచ్చినాక వానకు మాత్రం మొగం సెల్లొద్దా, అదీ వచ్చింది. గట్టుకు ఈ పక్క తెలుగోళ్ల సేన్లో మోకాలిలోతు నీళ్లు, ఆ పక్క కన్నడమోళ్ల సేన్లో దుమ్ము. ఎందుకనుకున్నావు? నేను తెలుగు యాసలో అన్నా గదా."

"మా అత్తగారూరు హొళగుందే," అన్నాడు రంగన్న, కండ్లు చిన్నవి సేసి. "ఎవురూ సెప్పలే."

"సిగ్గుపడి సెప్పరప్పా. ఆ తర్వాత ఏమైందో తెల్సునా? సంగతి లండన్‌లో డిక్షనరీ అచ్చేసేటోళ్లకు తెలిసింది. 'శేషప్పగారూ, మా దగ్గర మాటలు అయిపోయినాయి, మీరే ఆదుకోవాల' అని ఫోను. వద్దంటే వినకుండా విమానమేసుకొని వచ్చేసినారు. ఈన్నుంచి కోడుమూరు దాకా దొరలు వరసగా నిలబడినారు, ఒక్కొక్కని సేతిలో ఖాళీ గోనెసంచి. నేను సెప్తాండా, వాళ్లు నింపుకుంటాండారు. ఆఖరుకు బరువెక్కి విమానం లేయలే. మూడు సంచులు సి.బెళగల్‌లో దించితే గానీ కదల్లే. అందుకే సూడు, బెళగలోళ్లు మాట మొదలుపెడితే ఆపరు."

బెంచీ కొసన రంగన్న కోడలు భారతి కూచోనుంది. ఆదోనిలో డిగ్రీ సదివి, ఇప్పుడు మామతో పాటు మగ్గం నేస్తాది.

"శేషప్ప మామా, గుడ్డ కోసినాక మగ్గానికి కొన్ని పోగులు మిగిలిపోతాయి గదా. ఆ కొసపోగుల్ని ఇంగ్లీషులో ఏమంటారు?"

శేషప్ప నవ్వినాడు. "ఇంగ్లీషులో లేని మాట అదొక్కటే తల్లీ. దొరలు నా కాళ్లు పట్టుకున్నది దానికోసమే. తయారుసేస్తాండా, ఉగాదికి ఇస్తా అన్నా."

"ఉంది మామా. థ్రమ్. వందల ఏండ్ల నుంచి ఉంది."

హుసేనమ్మ సేతిలో గరిటె ఆగింది.

"థ్రమ్," అన్నాడు శేషప్ప, నోట్లో రుచి సూసినట్టు. "ఉత్త ఆ పోగులకేనా?"

"వాటికే."

జేబులోంచి నలిగిపోయిన చిన్న నోటుబుక్కు తీసినాడు. రంగన్న మెడ సాచి సూసినాడు. పేజీ నిండా ఇంగ్లీషు మాటలు, పక్కనే అర్థాలు. అన్నీ తెలుగు అక్షరాల్లోనే ఉన్నాయి.

"ఎట్ల రాస్తారమ్మా దాన్ని ఇంగ్లీషులో?" అని అడిగినాడు శేషప్ప.

భారతి ఒక్కో అక్షరమే నిదానంగా సెప్పింది. శేషప్ప పెన్ను కదల్లేదు. తల ఎత్తకుండానే బుక్కూ పెన్నూ రెండూ ఆమె సేతికిచ్చినాడు.

"నువ్వే రాయమ్మా."

భారతి రాసిచ్చింది. రంగన్న బెంచీ మీద నుంచి లేసినాడు.

"ఆ నాలుగు పేజీలు కూడా నువ్వే రాసేయ్ భారతీ."