నమ్మకమైన పిస్తోలు

ఓక్లహోమాలో ఒక చిన్న ఊరు. సోమవారం మధ్యాహ్నం. హాస్కెల్ తుపాకుల కొట్లోకి వెర్లిన్ తన పాత పిస్తోలునూ, భార్య ట్రూడీనీ వెంటబెట్టుకుని వచ్చాడు.

"...నొక్కాను. నొక్కితే టిక్కుమంది. అంతే, హాస్కెల్! టిక్కు! పెళ్ళాం కన్నా ఎక్కువ నమ్మాను దీన్ని."

"వెర్లిన్, నేనిక్కడే ఉన్నా."

"మాటవరసకన్నాలే, ట్రూడీ."

"ఆగన్నా. ముందు ఇలా ఇయ్యి, లోపల తూటా ఉందేమో చూడనీ. ఆఁ, ఖాళీయే. ఇప్పుడు చెప్పు. దొంగ ఎట్నుంచి వచ్చాడు?"

"వెనక తలుపు. నిన్న చర్చి నుంచి వచ్చి కుర్చీలో కాస్త నడుం వాల్చానా..."

"పట్టపగలా! ఎంత బరితెగించారో చూడు! చేతిలో ఏమన్నా ఉందా?"

"ఉంది. పెద్దదే. రెండు చేతులా పట్టుకుని..."

"తుపాకీయా?"

"గిన్నె."

"నువ్వు మాట్లాడకు, ట్రూడీ."

"చిక్కుడుకాయ కూర గిన్నె, హాస్కెల్. చర్చి భోజనాల్లో ఎవరూ ముట్టకపోతే ఇంటికి తెచ్చుకున్నా."

"ఎవరు తెచ్చుకున్నారు?"

"నేను. ఈయన కాల్చబోయింది నన్నే."

"అన్నా! వదిన్ని గుర్తుపట్టలేదా?"

"కళ్ళజోడు తీసి పడుకున్నా కదయ్యా! ఆకారం కనిపించింది. దొంగ ఆగి తన పేరు చెప్పుకుంటాడా?"

"చెప్పుకున్నానుగా. 'వెర్లిన్, నేనూ, ట్రూడీని' అని గావుకేక పెట్టాను."

"దొంగయినా అదే అంటాడు!"

"అదీ నిజమే, వదినా."

"హాస్కెల్!"

"అంటే, మీరు బయటపడ్డారు, దేవుడి దయ. నేననేది పద్ధతి గురించి. ఇంతకీ అసలు సంగతేంటి? సమయానికి పిస్తోలు పేలలేదు. అది చాలా పెద్ద తప్పు."

"విన్నావా ట్రూడీ? తెలిసినవాడు చెప్తున్నాడు."

"వింటున్నా. నేను బతికుండటం పిస్తోలు తప్పు."

"మాటలకేంగానీ, హాస్కెల్, ఈసారి మోసం చెయ్యనిది చూపించు. ఇంటికి కాపలాకీ, శనివారం రేంజిలో గురిచూసి కాల్చడానికీ, రెంటికీ ఒకటే."

"అయితే నిండు సైజుదే, అన్నా. జేబులో పెట్టుకోవాలంటే చిన్నది. చేత్తో పట్టుకోవాలంటే పెద్దది. బరువుంటే చెయ్యి ఎగరదు, గొట్టం పొడుగైతే గురి తప్పదు."

"తప్పితేనే నాకు మంచిది."

"ట్రూడీ!"

"ఇదిగో, ఈ నల్లది చూడన్నా. పదిహేడు తూటాలు. బురదలో దొర్లించి తీసి నొక్కినా పేలుతుంది."

"పదిహేడెందుకయ్యా? మా ఇంట్లో ఉండేది ఈయనా, నేనూ."

"ఆహా! చేతికి అతికినట్టుంది. ఇదే తీసుకుంటా."

"ఆగు, వెర్లిన్. హాస్కెల్, దీన్ని విప్పి తుడవడం ఎట్లా?"

"మా ఇంట్లో కాల్చేది నేను, తుడిచేది తను. ఆ విషయంలో మాత్రం వంక పెట్టడానికి లేదు."

"తుడవడం తేలికే, వదినా. ఇట్లా లాగితే రెండు ముక్కలు."

"అది కాదు. లోపల తూటా వెనక కొట్టే సూది ఉంటుంది కదా, అది తియ్యాలంటే?"

"దాని జోలికి మీరు పోనక్కర్లేదు. దానికి అడ్డంగా మేకు దిగ్గొట్టి ఉంటుంది. తియ్యాలంటే నా దగ్గరికి తేవాల్సిందే."

"అయితే ఇది వద్దు."

"ఏం?"

"రంగు బాలేదు."

"పిస్తోలుకి రంగేమిటే?"

"ఆ మూల స్టీలుది ఉందే, దాని సూదో?"

"అది తాతల కాలం నాటి పద్ధతి, వదినా. సూదిని లోపలికి నొక్కి వెనక రేకు కిందకి జరిపితే ఊడి చేతిలోకొస్తుంది. కానీ తూటాలు ఎనిమిదే..."

"ఎంత ముచ్చటగా ఉందో! వెర్లిన్, నీ చేతికి ఇదే అందం."

"నాకు నల్లదే నచ్చింది."

"స్టీలుది."

"నల్లది!"

"కొట్లాటెందుకు? అన్నా, రెండూ పట్టుకెళ్ళి లోపల రేంజిలో కాల్చి చూసుకో. చెవులకి అడ్డం పెట్టుకో. కళ్ళజోడు కూడా."

"నా చూపుకేం? పోయిన శనివారం అన్నీ నడిమధ్యనే తగిలాయి."

"అవి తగిలింది పక్కాయన గురికాగితానికి, అన్నా. పాపం, పాస్టరుగారు తన గురేననుకుని ఇంకా మురిసిపోతూనే ఉన్నారు."

"పోవయ్యా! ఇప్పుడే వస్తా."

"రేంజి తలుపు పడింది. వదినా, ఆయనొచ్చేలోగా ఈ పాతదాన్ని ఓసారి విప్పి చూస్తా. అమ్మింది నేనే, నా పేరు పోతుంది. ఊఁ, శుభ్రంగానే ఉంది. స్ప్రింగూ బావుంది. మరి దీనికేం... ఇదేమిటి? సూదేది?"

"నా పర్సులో ఉంది."

"ఎక్కడ?"

"పిప్పరమెంటు డబ్బాలో. ఇదిగో."

"వదినా!"

"అరవకు."

"ఎన్నాళ్ళుగా?"

"ఫ్రిజ్జు పోయినప్పట్నుంచీ. లోపల ఐసుముక్కలు పడ్డ చప్పుడికి 'ఎవడ్రా అది' అని రెండు కాల్చాడు. పాపం, అది ఫ్రిజ్జునని చెప్పుకోలేకపోయింది. తర్వాత వంతు నాదేనని అప్పుడే అనుకున్నా."

"మరి రేంజిలో పేలుతోందిగా!"

"శనివారం పొద్దున్నే పెడతా. తిరిగొచ్చాక తుడిచేటప్పుడు తీసేస్తా. సోమవారమే నీ దగ్గరికి పరుగెత్తుకొస్తాడని నేనేమన్నా కలగన్నానా?"

"ఇంతకన్నా, పిస్తోలే వద్దని చెప్పలేకపోయారా?"

"చెప్పా. నన్ను ఆడంగివాణ్ణి చేస్తావా అని తిండి మానేశాడు. అది తలగడ కింద ఉంటే ఆయనకి నిద్ర పడుతుంది. దాన్లో సూది లేకపోతే నాకు పడుతుంది. ఇద్దరం సుఖంగా ఉన్నాం."

"నిజంగా దొంగొస్తేనో?"

"ముప్ఫై ఏళ్ళ కాపురంలో తలుపు తట్టకుండా వచ్చింది నేనూ, చెత్తబుట్టలు కెలికే రకూను జంతువొకటీ. రకూనుకి చీపురు చాలింది. హాస్కెల్, నిన్న ఎంత భయమేసిందో తెలుసా? ఆ గొట్టం నాకేసి చూస్తుంటే, శనివారం సూది తీశానా లేదా అన్నది గుర్తుకే రాలేదు. గిన్నె ఎట్లా పట్టుకుని నిలబడ్డానో నాకే తెలీదు. నీకు దణ్ణం పెడతా, ఆయనకి నల్లది అమ్మకు."

"పేలని పిస్తోలు అమ్మానని తెలిస్తే ఊళ్ళో తలెత్తుకు తిరగగలనా, వదినా?"

"పేలేది అమ్మి, నా శవపెట్టె మీద పూలు పెట్టడానికి వస్తావా?"

"అబ్బా, అట్లా అనకండి. సరే. నల్లదాని ట్రిగ్గరు కాస్త బిగుతని ఏదో చెప్తాలెండి. స్టీలుదే అంటగడతా. అయినా మీరు సామాన్యులు కారు! ఈ సూది సంగతి ఒక్కరే ఎలా కనిపెట్టారు?"

"ఒక్కదాన్నే కాదు. ప్రతి మంగళవారం బొంతలు కుట్టడానికి చర్చిలో కూడతాం కదా."

"ఆఁ, చూస్తూనే ఉంటాగా. అయితే?"

"ఎన్నాళ్ళుగా కుడుతున్నాం? ఒక్క బొంతయినా చూశావా?"

"అంటే... ఊళ్ళో ఆడవాళ్ళంతా?"

"అంతా అనను. పాస్టరుగారి భార్య మొన్ననే చేరింది."

"ఓరి దేవుడో! అయితే ఆ మగాళ్ళందరూ నడుముకి ఉత్త ఇనుప ముక్కలు కట్టుకుని తిరుగుతున్నారన్నమాట! పైగా మీసం మెలేసుకుంటూ! నవ్వాగట్లేదు వదినా, పొట్ట పట్టుకోనివ్వండి. ఒట్టి వెర్రివెధవలు! ఇంట్లో ఏం జరుగుతోందో ఆమాత్రం చూసుకోవద్దూ! ఇంతకీ మీకందరికీ నేర్పిన మహాతల్లి ఎవరు?"

"నీ నడుముకున్న పిస్తోలుని మీ ఇంట్లో ఎవరు తుడుస్తారు, హాస్కెల్?"