ఇరుసు వెడల్పు నేర్పిన అన్నయ్యగారికి

ఈ సభకు పెద్ద దిక్కుగా కూర్చున్న క్లబ్బు ప్రెసిడెంటు గారికి, ముందు వరసలోని పెద్దలకు, వెనక వరసల్లో హెల్మెట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పిల్లలకు, ఎవరి కోసం ఈ షెడ్డులో బళ్లన్నీ గోడవారకు జరిపి కుర్చీలు వేశామో ఆ అన్నయ్యగారికి, ఆయన పక్కన కూర్చుని నేనేం చెప్పేస్తానోనని ఇప్పటినుంచే నా వంక అనుమానంగా చూస్తున్న వదినగారికి నమస్కారం.

నేను దర్జీని. మీరంతా వేసుకునే రేసు జాకెట్లు కుట్టేది నేనే కాబట్టి మీ నడుము చుట్టుకొలతలు నాకు తెలుసు, ఎవరిది పెరిగిందో కూడా తెలుసు, అది ఇక్కడ చెప్పను. (నవ్వులు) మైకు పట్టుకోవడం నా వల్ల కాదంటే, ప్రెసిడెంటు గారు రెండు ముక్కలు చెప్పి కూర్చోండి చాలన్నారు. రెండు ముక్కలతో నేను ఆగుతానని ఎవరు చెప్పారో ఆయనకు.

మన బళ్లన్నీ బాగుచేసే ఈయన మీ అందరికీ 'ఆగు మావయ్య'. బండి రేసు మొదలయ్యే గీత దగ్గరికి బయల్దేరుతుంటే వెనకనుంచి "ఆగు, ఒక్కసారి చూద్దాం" అనకుండా ఈయన ఏ బండినీ పంపరు. ఓసారి జెండా ఊపే ఆయన్ని కూడా ఆగమంటే, ఆయన నిజంగానే జెండా దించేసి ఆగాడట. (నవ్వులు) ఇన్నేళ్లూ బండి వెనక గొంతుక్కూర్చునే బతికిన మనిషిని, ఇక కింద కూర్చుంటే మోకాళ్లు దక్కవని డాక్టరు గారు గట్టిగా చెప్పారు కాబట్టి ఇవాళ మనం ఈయన్ని ఇంటికి పంపుతున్నాం. ఈయన ఇంట్లో కుదురుగా కూర్చుంటారని నాకు నమ్మకం లేదు, వదినగారి ముఖం చూస్తే ఆవిడకూ ఉన్నట్టు లేదు.

నేను ఈ షెడ్డుకు మొదటిసారి స్నేహంగా రాలేదు. మా అమ్మాయి నాలుగు చక్రాల రేసు బండి తోలడం, మీ భాషలో క్వాడ్, తల్లిగా నాకు మొదటినుంచీ నచ్చలేదు. అది పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాక, ఆ బండో నేనో తేల్చుకోమన్నాను. కట్టు విప్పగానే మళ్లీ ఎక్కుతానంది. దాంతో మా ఇద్దరికీ మాటలు పోయాయి. కూరలో ఉప్పు తక్కువైన సంగతి కూడా గోడకు చెప్పుకునేవాళ్లం.

వెనక చక్రాలు ఎంత ఎడంగా ఉంటే బండి అంత పడదని ఎవరో నా చెవిన వేశారు. అంతే, కొట్టు మూసి నేరుగా ఇక్కడికొచ్చి, ఆ చక్రాలు ఎంతవరకు వస్తే అంతవరకు బయటికి లాగేయమని, మా అమ్మాయికి మాత్రం చెప్పొద్దని ఈయన్ని అడిగాను. అడిగానని మర్యాదగా అంటున్నాను, నిజానికి అరిచాను.

ఈయన నవ్వలేదు. చేతులు తుడుచుకుంటూ, "ఆ రోజు బండి పడిందే వెడల్పు ఎక్కువై, చెల్లెమ్మా" అన్నారు.

అంతకుముందు వరకు తిన్నగా ఉన్న దారిని రేసు పెట్టినవాళ్లు ఉన్నట్టుండి ఇరుకు మలుపులుగా మార్చారట. బండేమో తిన్నని దారికి కుదిర్చి ఉంది. సర్దే వ్యవధి లేదు, వెళ్లనిచ్చారు. "నేను ఆపి ఉండాల్సింది" అన్నారు. మీరు వేళాకోళం చేసే ఆ 'ఆగు' మా అమ్మాయి పడిన రోజు నుంచి మొదలైంది. అంతకుముందు ఈయనకు ఆ అలవాటే లేదు.

నేను మాత్రం నమ్మలేదు. అందుకని ఈయన చక్రాలు నేను కోరినంతా బయటికి జరిపి, నన్నే బండెక్కించి, పెరట్లో ఆ నూనె డ్రమ్ము చుట్టూ మెల్లగా తిప్పమన్నారు. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు, మీరనే యాక్సిల్‌కు, బిగించి ఉంటాయి కదా, ఒకటి ఎంత తిరిగితే రెండోదీ అంతే తిరగాలి. ఎడం పెరిగితే గతుకుల్లో కుదురుగా పోతుంది గానీ, ఇరుకు మలుపులో ఎంత తిప్పినా ముందుకే పోతానంటుంది. నేను డ్రమ్ము చుట్టూ తిరగలేదు, తిన్నగా గోడ దగ్గరికి పోయాను. చేతులు లాగేశాయి. తర్వాత లోపలికి జరిపి మళ్లీ ఎక్కమన్నారు. ఈసారి చెప్పినట్టు తిరిగింది, తిరుగుతూ తిరుగుతూ ఒక చక్రం కాస్త లేచేసరికి కెవ్వున అరిచాను. ఒళ్లు దగ్గర పెట్టుకుని తోలేవాళ్లకే అది లొంగుతుందని అప్పుడర్థమైంది.

కొలత తీసేటప్పుడు బండి మీద మనిషి ఉండాలి. బరువు పడితే ముందు చక్రాలు కాస్త విచ్చుకుంటాయి, వెనకవి వాటికి ఎంత తేడాలో ఉండాలో అప్పుడే తెలుస్తుంది. మా అమ్మాయి పగలు ఉద్యోగంలో ఉంటుంది, మా ఇద్దరి బరువూ ఒకటే, ఈ మాట దానికి నచ్చదు. (నవ్వులు) అలా నేను దాని బదులు కూర్చోవడం మొదలైంది. ఓ సాయంత్రం అది వచ్చి, తన హెల్మెట్ పెట్టుకుని తన బండి మీద కూర్చున్న తల్లిని చూసి, "అమ్మా, ఏం చేస్తున్నావు?" అంది. నేను నోరు విప్పేలోగా ఈయన "కదలకండి చెల్లెమ్మా, కొలత తప్పుతుంది" అన్నారు. అది పకపకా నవ్వింది. ఆ రాత్రి ఇంట్లో ఉప్పు సంగతి నాకే చెప్పింది.

తర్వాత నేను టేపు పట్టాను, ఇరుసు మీద రింగులు మార్చడం నేర్చుకున్నాను. రింగు చక్రానికి లోపలివైపు వేస్తే చక్రం బయటికి, బయటివైపు వేస్తే లోపలికి. మొదటిసారి కుట్టుపని అలవాటు కొద్దీ ఒకవైపు కొలతకు కాస్త వదులు కలిపేశాను, బండి వంకరగా నిలబడింది. ఇది జాకెట్టు కాదు చెల్లెమ్మా, లావైతే కుట్లు విప్పుకోవడానికి, అన్నారు ఈయన. (నవ్వులు)

ఇవాళ పొద్దున, రాబోయే రేసు దారంతా చెట్ల మధ్య మలుపులేనని చెప్పి, రెండువైపులా లోపలికి జరపమంది మా అమ్మాయి. ఈయన మోకాళ్లు పట్టుకుని స్టూలు మీద కూర్చున్నారు, నేను కింద కూర్చున్నాను. జరిపి, నట్టు బిగించి, సరిపోతుందా అన్నయ్యగారూ అన్నాను. చాలని ఈయన అంటారని నా ఆశ. "దాన్నడగండి. తోలేది అది" అన్నారు. అది ఎక్కి, అటూ ఇటూ ఒరిగి చూసి, "ఇంకొంచెం, అమ్మా" అంది.

ఇంకొంచెం జరిపాను. భయమేసింది, అయినా నా చేత్తో నేనే బిగించాను.

అన్నయ్యగారూ, రేసు మొదలయ్యాక మీరు అందరితోపాటు నిలబడకుండా షెడ్డు వెనక్కి ఎందుకు వెళ్తారో నాకు ఇవాళ తెలిసింది. చివరి బండి తిరిగొచ్చేదాకా మీరు మంచినీళ్లు కూడా ముట్టరని వదినగారు చెబితే చాదస్తం అనుకున్నాను. మా పిల్లలందరి భయం ఇన్నేళ్లూ మీరొక్కరే మోశారు, ఎవరికీ చెప్పలేదు. ఈసారి రేసులో అది నాకు వదిలేయండి. మీరు నలుగురితోపాటు గీత దగ్గర నిలబడి, మా అమ్మాయి ఎలా తోలుతుందో కళ్లారా చూడండి. మీరు ఒక్కసారి కూడా చూడలేదు.

ఇంతసేపు నన్ను భరించిన ప్రెసిడెంటు గారికి, నవ్విన మీ అందరికీ, ఈయన్ని మాకు ఇచ్చి ఇన్నాళ్లూ ఇంట్లో ఒంటరిగా ఎదురుచూసిన వదినగారికి నా కృతజ్ఞతలు. ఇక నాకు సెలవిప్పించండి.