పేరమ్మ గేదె ఏ కాలం పాటకి చేపింది

పేరమ్మ తెల్లారగట్ల గేదె కింద చెంబు పెట్టుకోని కూచుందంట. కూచుంది, కూచుంది, ఎండ పైకొచ్చింది, చెంబులో చుక్క పడలా. పొదుగు చూస్తే బిగిసి రాయిలాగుంది. పాలు లేక కాదు, గేదె చేపట్లా. చేపటం అంటే తెలుసుగా, పైనున్న పాలు రొమ్ముల్లోకి దించటం. అది గేదె ఇష్టం, మనం గుంజినంత మాత్రాన దించదు. ఈ పేరమ్మ ఏం చేసిందంటే, ఉన్న మేకలన్నీ ఇచ్చేసి ఈ ఒక్క గేదెని తెచ్చుకుంది, పాలు పోసుకోని బతకొచ్చని. తెచ్చేటప్పటికే దూడ చచ్చిపోయింది, ఇంక దూడని వదిలి చేపిచ్చే దారి లేదు. దాణా పెట్టింది, పొదుగుకి వేణ్ణీళ్ళు కొట్టింది, గడ్డి కుక్కిన దూడబొమ్మ తెచ్చి పక్కన నిలబెట్టింది. గేదె ఆ బొమ్మని ఒకసారి వాసన చూసి పేరమ్మ మొకం వంక చూసిందంట, నేనంత తెలివితక్కువదాన్లాగా కనపడ్డానా అన్నట్టు. ఇంకొన్నాళ్ళు ఇట్టానే పోతే పొదుగు ఎండిపోద్ది. ఎండిపోయిన గేదెని కోతకి తోలుకుపోయేవాడికి ఇయ్యటమే. మేకలూ పోయె, గేదే పోయె. అదీ పేరమ్మ బాధ.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి, గేదెనమ్మిన బ్రహ్మయ్య పలుపు చేతికిస్తా ఒక మాటన్నాడు, అమ్మాయ్, మా ఇంట్లో పాలు పిండేటప్పుడు మంచి పాటలు పెడతాం, దీనికదే అలవాటు అని. ఆ రోజు నవ్వుకోని వచ్చేసింది. ఇప్పుడు నవ్వు రాలా. మొగుడికి చెప్పింది. మొగుడు వీరాస్వామి, దేనికైనా ఊ అనే మనిషి. ఆ మొగుడూ పెళ్ళాలిద్దరూ కాపరం పెట్టిన కాణ్ణుంచీ ఒకరి మీద ఒకరు గొంతు పెంచి ఎరగరంట. అట్టాంటి కాపరం మంచిదేననుకోండి, నాకైతే నిద్రొస్తది. ఆ వీరాస్వామి చేసిన తప్పేందంటే, తిన్నగా టీ కొట్టు కాడికి పోయి, పదిమందిలో, "మంచి పాటలంటే ఏయి?" అని అడిగాడు. ఆ మాట పదిమందిలో అడగొచ్చా? ఎవరి పొలం గట్టు ఎక్కడుందని అడిగినా ఇంతకంటే నయం.

గాలెయ్య లేచాడంట ముందు. ఈ గాలెయ్య ఎవరంటే, టూరింగు టాకీసు నడిచిన రోజుల్లో గేటు కాడ టిక్కెట్లు చించినవాడు. పాటలంటే అరవైల్లో వచ్చినయ్యే, ఆ పదేళ్ళతో పాట అయిపోయింది, తర్వాత మిగిలిందంతా పళ్ళేల మోతేనన్నాడు. మైకు సెట్టు సుభానీ ఊరుకుంటాడా? ఎనభైల్లో క్యాసెట్టు పాట పెడితే పీనుగ కూడా కాలు కదిపేది, మీ అరవైల పాట పెడితే పెళ్ళికొడుకు కునికిపాట్లు పడేవాడు తాతా అన్నాడు. పక్కన జాకెట్లు కుట్టే విమల, మిషను ఆపకుండానే, రెండువేలు దాటినాక వచ్చిన పాటలకి నా మిషను నేను తొక్కకపోయినా తిరుగుద్ది, మీరిద్దరూ పోయి మీ దుమ్ము దులుపుకోండి అంది. మాటా మాటా పెరిగింది. సరే, మనుషులు చెప్తే మనుషులు ఒప్పుకోరు, గేదె చెప్పుద్ది గదా అనుకున్నారు. ఏ కాలం పాటకి చేపితే ఆ కాలమే గొప్ప. గేదెకి పక్షపాతం ఉండదు కదా. అట్టా ముగ్గురూ సాయంత్రం పేరమ్మ రేకుల పాకలోకి వచ్చారు.

గాలెయ్య చిప్పులో పాత పాటలెక్కిచ్చిన రేడియో తెచ్చాడు, సుభానీ పాత టేపురికార్డరు తెచ్చాడు, విమల ఫోను తెచ్చింది. పేరమ్మ చెంబు పెట్టుకోని కింద కూచుంది. గాలెయ్య పాట పెట్టాడు. గేదె నెమరేసింది. సుభానీ పెట్టాడు. నెమరేసింది. విమల పెట్టింది. తోకతో ఒక ఈగని కొట్టి మళ్ళీ నెమరేసింది. గేదెకి సాహిత్యం తెలీదన్నాడు గాలెయ్య. రేకుల కింద పాట పగిలిపోతందన్నాడు సుభానీ. ఈతలు ముదిరిన గేదె, కొత్తది దానికెట్టా ఎక్కుద్దంది విమల. ఇంతలో ఏమైందంటే, విమల ఫోన్లో ఇంకో పాటొచ్చింది. గాలెయ్యకి కళ్ళెమ్మట నీళ్ళు. ఇదీ పాటంటే, ఇదీ మా కాలమంటే అన్నాడు. ఇది నా రెండోవాడు కడుపులో ఉన్నప్పుడు వచ్చింది తాతా అంది విమల. మీ ఇద్దరికీ మతి లేదు, ఇది నా క్యాసెట్లో ఉంది, పెళ్ళిళ్ళలో వేసి వేసి అరగదీశానని సుభానీ టేపురికార్డరు నొక్కాడు. నిజమే, అదే వరస, మాటలే వేరు. గాలెయ్య తన డబ్బా తిప్పితే అందులోనూ అదే వరస, ఇంకో మాటలు. అట్టయితే మీరిద్దరూ మా దగ్గర దొంగిలించారన్నాడు గాలెయ్య. ఆ ఊపులోనే, అసలిది మా అమ్మ నాట్లేసేటప్పుడు కూడా పాడేదే అన్నాడు. అనేసి, తన అరవైలు తన చేతిలోంచే జారిపోయినయ్యని తెలిసి బిత్తరపోయాడు. ఇంకక్కణ్ణుంచి అయోమయం. విమల తన పాటనే దొంగపాటని తిడతంది, గాలెయ్య విమల పాటని వెనకేసుకొస్తన్నాడు, సుభానీ ఇద్దరినీ కలిపి తిడతన్నాడు, మూడు డబ్బాలూ ఒక్కసారే మోగుతున్నయ్. ఎవరు ఏ పక్కనున్నారో వాళ్ళకే తెలీట్లా. కింద పేరమ్మ అలవాటు కొద్దీ చేతులు ఆడిస్తంది. సర్రు, సర్రు. చెంబు నిండింది. ఒక్కరన్నా చూడలా.

ఏ పాటకి చేపిందో ఎట్టా తెలుసుద్ది, మూడూ మోగుతుంటే? పొద్దున్నే పేరమ్మ మళ్ళీ అందర్నీ పిలిచి, అదే వరస, మూడింట్లోనూ పెట్టిచ్చింది. ఈసారి గేదెని బెదరగొట్టకూడదని అందరూ హారతప్పుడు నిలబడ్డట్టు చేతులు కట్టుకోని నిలబడ్డారు. చుక్క పడలా. పేరమ్మకి తల తిరిగిపోయింది. చెంబు అక్కడే పెట్టేసి బ్రహ్మయ్య ఊరికి పోయింది.

బ్రహ్మయ్య అరుగు మీద కూచోని నవ్వుతన్నాడు, మాట్లాడితే బదులు లేదు. వాళ్ళావిడ అంకమ్మ వచ్చింది. మీరు ఏ పాటలు పెట్టేవాళ్ళు పిన్నీ అని అడిగింది పేరమ్మ. అడగటమే తరువాయి, ఆయనకేం తెలుసే పాటల సంగతి అని ఎత్తుకుందంట అంకమ్మ. నేను గేదె కింద కూచోని పాత పాటలు పెట్టమంటే, ఆయన అక్కడ మీట తిప్పి కొత్తయి పెట్టేవాడు, నేను తిట్టేదాన్ని, ఆయన మళ్ళీ తిప్పేవాడు, కాపరానికొచ్చిన కాణ్ణుంచీ రెండు పూటలా ఇదే, ఒక్క పూటన్నా ఒక్క పాట చివరిదాకా వినలా అంది. అంటా అంటా మొగుడి వంక చూసి గొంతు తగ్గిచ్చింది. "మొన్నామధ్య ఆయనకి చెవులు పోయినయ్యమ్మా. ఇప్పుడు నేను ఏది పెట్టినా బాగుందని తల ఊపుతాడు. ఇంకెవరితో అరవను? అప్పట్నించే గేదె పాలు ఎగబట్టింది. పెద్దాయన మీద బెంగనుకున్నా." పేరమ్మ ఆమె మొకం చూసింది, అరుగు మీద ముసలాయన్ని చూసింది. గేదె పాటకి కాదు చేపింది. పాట మీద పోట్లాటకి.

అట్టా పేరమ్మ ఇంట్లో రెండు పూటలా పోట్లాట పెట్టింది. టీ పోస్తది, ముగ్గురొస్తారు, కొట్టుకుంటారు, గేదె ఇస్తది. బాగానే ఉంది. కానీ మనుషులు కదా, ఎంతకాలమని అరుస్తారు? ఒక సాయంత్రం, చెంబు సగం నిండిందో లేదో, గాలెయ్య నీరసపడి విమలతో అన్నాడంట, అమ్మాయ్, నువ్వనేదీ నిజమేమో, ఎవరి వయసులో విన్న పాట వాళ్ళకి గొప్ప, అన్ని కాలాల్లోనూ మంచివున్నయ్ అని. సుభానీ అవును తాతా అన్నాడు. విమల ముక్కు చీదుకుంది. ఎంత చక్కటి మాట చూశారా. నేను చదివిన పుస్తకాల్లో అయితే కథ అక్కడ అయిపోద్ది, రాసినాయనకి శాలువా కప్పుతారు. ఇక్కడ మాత్రం పాలు ఆగిపోయినయ్. పేరమ్మ గుంజితే రొమ్ము వట్టిది. గేదె పాలు పైకెగబట్టి మళ్ళీ నెమరేస్తంది. పేరమ్మకి కోతకి తోలుకుపోయేవాడు వీధిలో నిలబడ్డట్టే కనిపించింది. చూసింది మొగుడి వంక. వీరాస్వామి ఊ అన్నాడు.

అప్పుడు గొంతు పెంచి ఎరగని పేరమ్మ, గేదె కింద నుంచే, తలెత్తకుండా అంది. "నువ్వు గేటు కాడ టిక్కెట్లు చించుకుంటా నిలబడ్డోడివి మామా. లోపలికెళ్ళి ఒక్క పాటన్నా పూర్తిగా విన్నావా నీ బతుక్కి?"

గాలెయ్య మొకం ఎర్రబడింది. నన్నంటావా, గేటు సందులోంచి నేను విన్న పాట నువ్వు కుర్చీలో కూచోని వినలేవే అని మొదలుపెట్టాడు. సుభానీ, సందులోంచి వింటే సగమే వినపడుద్దన్నాడు. విమల పేరమ్మ మీద పడింది. సర్రు, సర్రు.

అప్పట్నించీ పేరమ్మ ఏం చేస్తదంటే, ఎవరు ఓడిపోతుంటే వాళ్ళ పక్క చేరుద్ది. పొద్దున అరవైలు, సాయంత్రం ఎనభైలు, మర్నాడు రెండువేలు. ఎవరినీ గెలవనియ్యదు. నోరు కూడా బాగా తిరిగింది. ఒకరోజు అన్నం కాడ వీరాస్వామి అడిగాడంట, నిజంగా నీకే పాటలిష్టమే అని. చెప్దామని నోరు తెరిచింది. పెళ్ళికాకముందు ఏదో పాటంటే చెవి కోసుకునేదాన్ని, అదేందో గుర్తు రావట్లేదయ్యా, దాన్ని కూడా ఎప్పుడో ఒక పూట తిట్టేసుంటా అంది. వీరాస్వామి ఈసారి ఊ కూడా అనలా.

నేను కూడా పోయా ఒకసారి, ఇన్ని చదివిందాన్ని, నాలుగు మాటల్లో తేల్చిపారేద్దామని. డెబ్బైలు గొప్పయ్యని చెప్పటానికి లోపలికి పోయి, డెబ్బైల్ని కడిగేసి బయటికొచ్చా. ఎట్టా జరిగిందో నాకిప్పటికీ తెలీదు. ఇదుగో, కథ వింటా మీరు కూడా మొదలుపెట్టబాకండి. ఏమే, మీ నాన్న కాలం పాటలేందంటున్నావ్? నువ్వూరుకో అబ్బాయ్. చెప్తుంటే మీక్కాదా? ఇక్కడ కట్టేసిన గేదె కూడా లేదు, ఎందుకర్రా ఊరికే అరుచుకుంటారు?