మరొకరికి ఇవ్వని సంఖ్య

1991వ సంవత్సరం జూన్ మూడవ తేదీ, సోమవారం ఉదయం, నగర నీటి పరీక్షా కేంద్రంలో కంప్యూటర్ల నిర్వహణ కోసం కొత్తగా ఏర్పరచిన ఉద్యోగంలో ఆమె చేరారు. ఆనాటికి ఆ ఉద్యోగానికి గది గానీ, కుర్చీ గానీ లేవు. నమూనా సీసాలు కడిగి ఆరబెట్టే బల్ల చివర కొంత చోటు చూపించి, "ఇక్కడ సర్దుకోండమ్మా" అన్నారట. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె చేతిసంచి అడుగు నాని ఉంది. "ఉద్యోగం ఎలా ఉంది అక్కయ్యా?" అని అడిగితే, "తడిగా ఉంది" అన్నారు.

మీ అందరికీ సిస్టమ్స్ మేడమ్ అయిన ఆమె నాకు తోడికోడలు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో కలిసి ఉన్నాం. ఆమె పదవీ విరమణ సంచిక కోసం సహోద్యోగులు రాయవలసిన ఈ వ్యాసాన్ని నన్ను రాయమని సంచిక బాధ్యులు కోరినప్పుడు తటపటాయించాను. "మేం చూసింది ఆఫీసు గంటల్లోనే కదండీ, మిగతాదంతా మీరే చూశారు" అన్నారు వారు. అక్కయ్యను అడిగితే ఒకే షరతు పెట్టారు: "నిచ్చెన సంగతి రాసేట్టయితే రాయి. అది వదిలేసి పొగడ్తలే రాస్తానంటే వద్దు." ఆ షరతుకు లోబడి రాస్తున్నాను.

ఆమె చేరిన కాలంలో కేంద్రంలో ఉన్నది ఒకే పెద్ద కంప్యూటరు, దానికి తగిలించిన కొన్ని తెరలు. నీటిని పరీక్షించేవారు, ఉత్తరాలు రాసేవారు, జీతాలు కట్టేవారు, అందరూ ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డుతో లోపలికి వెళ్ళేవారు. ఆ పాస్‌వర్డును ఎవరూ మరచిపోకుండా సీసాలు పెట్టే ఫ్రిజ్ తలుపు మీద అతికించారు కూడా. ఎవరు ఏ అంకె వేశారో, ఎవరు ఏది తుడిచేశారో చెప్పగలిగినవారు లేరు. మనిషికొక ఖాతా ఉండాలని అక్కయ్య అడిగినప్పుడు అప్పటి డైరెక్టరుగారు నొచ్చుకున్నారట.

"అందరం ఒక కుటుంబంలా ఉన్నామమ్మా. ఇప్పుడు మనిషికో పేరు, మనిషికో పాస్‌వర్డు అంటే వేరుకాపురాలు పెట్టించినట్టు ఉంటుంది."

"కుటుంబంలోనైనా ఎవరి పళ్ళ బ్రష్షు వాళ్ళదే కదండీ."

డైరెక్టరుగారు నవ్వేశారు, ఖాతాలు వచ్చాయి. ఆ ఏర్పాటును ఆమె నాకు వంటింట్లో నిలబడి వివరించారు. మనకు కనిపించేది మనిషి పేరు. యంత్రం గుర్తుపెట్టుకునేది మాత్రం ఆ పేరుకు ఇచ్చిన సంఖ్యను. ఒకే రకం పని చేసేవారిని ఒక బృందంగా చేర్చి, ఆ బృందానికి ఏ తలుపులు తెరుచుకోవాలో ముందే నిర్ణయిస్తారు. ప్రయోగశాల బృందం రీడింగులు నమోదు చేయవచ్చు, కార్యాలయ బృందం వాటిని చదువుకోవచ్చు, దిద్దే వీలు మాత్రం రాసినవారికే. అన్ని తలుపులూ తెరవగల అధికారం అక్కయ్య చేతిలో ఉన్నా, రోజంతా ఆమె మామూలు ఖాతాలోనే పనిచేసేవారు. అవసరం పడినప్పుడు ఆ పెద్ద అధికారాన్ని తీసుకుని, పని కాగానే పక్కన పెట్టేసేవారు. "తాళాలగుత్తి మెళ్ళో వేసుకుని తిరిగితే బరువే తప్ప ఏముంది?" అనేవారు.

కొన్నాళ్ళకు కొత్తగా వచ్చిన లెక్కల అధికారిగారికి ఆ ఖాతాల పట్టిక కంటపడింది. ఆనాటి సంభాషణను అక్కయ్య ఇద్దరి గొంతులతోనూ అభినయించి చూపితే మా అత్తయ్యగారు నవ్వలేక ఆయాసపడ్డారు.

"ఈ పేర్లలో సగం మంది జీతాల పట్టీలో లేరేంటమ్మా? ఈ ప్రింటింగ్ ఎవరు? ఈ బ్యాకప్ ఎవరు? ఎప్పుడు చేరారు వీళ్ళు?"

"వాళ్ళు మనుషులు కారండీ. యంత్రం లోపలి పనులకి పెట్టిన ఖాతాలు. ఒక్కో పనికి ఒక్కో పేరు, దాని పనికి ఎంత కావాలో అంతే అధికారం."

"జీతం?"

"లేదండీ."

"సెలవలు?"

"అడగరండీ."

"అలాంటివాళ్ళు ఇంకో నలుగురు దొరుకుతారేమో చూడండి. సరే, వాళ్ళని ఉండనీండి. ఉద్యోగం మానేసి వెళ్ళిపోయినవాళ్ళ పేర్లైనా తీసేయండి, పట్టిక శుభ్రంగా ఉంటుంది."

అక్కయ్య తీసేశారు. ఇక్కడ ఆమె స్వభావం గురించి ఒక మాట చెప్పాలి. వరుసలో ఖాళీ ఉంటే ఆమె సహించలేరు. మా వీధి గది గోడకు సంచులు తగిలించే కొక్కేల వరుస ఉంది. మధ్యలో ఒకటి ఖాళీగా కనిపిస్తే, ఏదో ఒకటి తెచ్చి తగిలిస్తే గానీ ఆమెకు తోచదు. పాత ఖాతాలు తీసేయగా సంఖ్యల వరుసలోనూ అలాంటి ఖాళీలు ఏర్పడ్డాయి. తరువాత చేరినవారికి ఆమె ఆ ఖాళీ సంఖ్యలే ఇస్తూ వచ్చారు. ఉద్యోగం మానేసి వెళ్ళిన ఒక సీనియర్ కెమిస్టుగారి సంఖ్య, ప్రయోగశాలలో కొత్తగా చేరిన టెక్నీషియన్‌కు వచ్చింది. మరికొంత కాలానికి పాత కంప్యూటరును మార్చి, ఫైళ్ళన్నీ కొత్తదానిలోకి ఎక్కించారు.

1997లో, ఊరి చివరి ఒక వీధివారు తమ కుళాయి నీరు బాగాలేదని ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నా పట్టించుకోలేదేమని నిలదీశారు. డైరెక్టరుగారు ఆ వీధి పాత రీడింగులను తెప్పించి చూస్తే, ప్రయోగశాల పుస్తకంలోని అంకెలకూ కంప్యూటరులోని అంకెలకూ పొంతన లేదు. చెడ్డ రీడింగులన్నీ మంచివిగా మారి ఉన్నాయి. ఆ ఫైళ్ళ యజమానిగా కనిపించిన పేరు టెక్నీషియన్‌ది. ఆమెకు ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు. విచారణ తేలే వరకు రావద్దన్నారు. "నేను వాటిని ముట్టుకోలేదు" అని ఆమె ఎంత చెప్పినా, "ఫైలు మీద పడిన తేదీ మీరు చేరాకే కదా, పేరూ మీదే కదా" అన్నారు. తేదీని లెక్కలోకి తీసుకోవద్దని, కొత్త కంప్యూటరులోకి ఎక్కించిన రోజే అన్నిటి మీదా పడిందని అక్కయ్య చెప్పారు. "సరే, మరి పేరు?" అన్నారు డైరెక్టరుగారు. అక్కయ్య ఖాతాల పట్టికను మళ్ళీ మొదటి నుంచి చూడటం మొదలుపెట్టారు. ఆ వారమంతా ఆమెకు అదే ధ్యాస. అన్నం ముందు కూర్చుని, "ఆ అమ్మాయి అబద్ధం చెప్పడంలేదు చెల్లాయ్. కానీ యంత్రం కూడా చెప్పదే" అనేవారు.

ఆదివారం ఉదయం మా పై వాటా గుమ్మం ముందు గొడవైంది. అందులో అంతకుముందు బోర్డులు రాసే ఆయన అద్దెకుండేవారు. ఆయన ఖాళీ చేశాక ఒక టెలిఫోన్ ఆపరేటరు దంపతులు దిగారు. వీధి మొదట్లో ఉండే వడ్రంగి వచ్చి ఆ ఆపరేటరుగారి మీద విరుచుకుపడ్డాడు.

"ఈ వాటావాళ్ళే పట్టుకెళ్ళారు. నా నిచ్చెన నాకిచ్చేయండి."

"నిచ్చెనేంటండీ? మేం వచ్చి ఎన్నాళ్ళో కాలేదు."

"గుమ్మం ఇదే కదా? మెట్లు ఇవే కదా? నా చేతుల్తో నేనే మోసుకొచ్చి ఈ గుమ్మంలో ఇచ్చాను."

"గుమ్మం ఇదేనయ్యా. మనుషులం వేరు."

"వేరైతే మరి ఈ ఇంట్లో మీరెందుకున్నారు?"

మేడ మీద బట్టలు ఆరేయడానికి బకెట్టు పట్టుకుని వెళుతున్న అక్కయ్య మెట్ల మధ్యలో ఆగిపోయారు. బకెట్టు అక్కడే దింపారు. నా వైపు తిరిగి, "గుమ్మం అదే చెల్లాయ్. మనిషి మారింది" అని, కిందికి వచ్చి చెప్పులు వేసుకుని ఆఫీసుకు వెళ్ళిపోయారు. ఉతికిన బట్టలను బకెట్టులో వదిలేసి ఆమె ఇల్లు దాటడం నేను చూసింది ఆ ఒక్కసారే. నిచ్చెన మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనకాల దొరికింది. వడ్రంగి దాన్ని భుజాన వేసుకుంటూ ఆపరేటరుగారితో, "చూశారా, మీ దగ్గరే ఉంది" అని మరీ వెళ్ళాడు.

పాత కంప్యూటరు ఫైళ్ళ నకలు దాచిన టేపును తిరగదోడి చూస్తే సంగతి తేలిపోయింది. అంకెలు కెమిస్టుగారి కాలంలోనే మారాయి, ఆ ఫైళ్ళు ఆయనవి. ఆయన ఖాతా పోయినా ఆ ఫైళ్ళకు అంటుకున్న సంఖ్య పోలేదు. ఆ సంఖ్య టెక్నీషియన్‌కు ఇవ్వగానే, ఆయన వదిలివెళ్ళినదంతా యంత్రం దృష్టిలో ఆమెదైపోయింది. కెమిస్టుగారు ఇప్పుడు లేరు గనుక వారి గురించి ఇంతకు మించి రాయను.

ఆ సాయంత్రం మా బావగారు మెల్లగా అన్న మాట నాకు గుర్తుంది. సెక్షన్ హెడ్‌గా అక్కయ్య పేరు అప్పటికి పైకి వెళ్ళి ఉంది.

"ఆ అమ్మాయి తప్పు లేదని చెప్పు, చాలు. కంప్యూటరు పొరపాటు పడిందను. కాదనేవాళ్ళెవరున్నారక్కడ?"

"కంప్యూటరుకి ఆ నంబరు చెప్పిందెవరు? నేనేగా."

"పాత పేర్లు తీసేయమని నీకు చెప్పింది లెక్కలాయన."

"పేర్లు తీసేయమన్నారాయన. ఆ నంబరు ఇంకొకరికి ఇవ్వమనలేదు. వరుసలో ఖాళీ ఉంటే నాకు తోచక ఇచ్చాను."

పక్కనే వింటున్న అత్తయ్యగారు, "రేపు ఆ మాట చెప్పేముందు కడుపునిండా తిని వెళ్ళు" అన్నారు.

విచారణ గదిలో జరిగింది నాకు తరువాతి కాలంలో ఆ టెక్నీషియన్‌గారే చెప్పారు. అక్కయ్య టేపులోని పాత పట్టికను, కొత్త పట్టికను పక్కపక్కన పెట్టి, తప్పు తనదని చెప్పారట. డైరెక్టరుగారు రెండూ పోల్చి చూసి, "మీరు చెప్పకపోతే మాకెవరికీ తెలిసేది కాదు కదమ్మా" అన్నారట. "తెలిసేది కాదండీ. అందుకే నేను చెప్పాలి" అన్నారట అక్కయ్య.

టెక్నీషియన్‌గారు తిరిగి విధుల్లో చేరారు. ఆ వీధికి కొత్త గొట్టాలు వేశారు. సెక్షన్ హెడ్ పదవి వేరొకరికి వెళ్ళింది. అది అక్కయ్యను చేరడానికి 2005 వరకు పట్టింది. ఆ విషయం ఆమె ఇంట్లో ఎన్నడూ ఎత్తలేదు. ఆమెను బాధించింది మరొకటి. టెక్నీషియన్‌గారు ఆమెతో మాట్లాడటం మానేశారు. ఒకసారి అక్కయ్య తానే వెళ్ళి పలకరిస్తే, "మీరు మంచివారే అక్కా. కానీ వీధిలో నన్ను చూసినవాళ్ళ చూపు మీ మంచితనంతో పోదుగా" అన్నారట. అది న్యాయమేనని అక్కయ్య ఒప్పుకున్నారు, మళ్ళీ వెంటపడలేదు.

ఆ తరువాత కేంద్రంలో ఎవరి ఖాతానూ తొలగించలేదు. వెళ్ళినవారి ఖాతాకు తాళం పడుతుంది, సంఖ్య వారి పేరు మీదే ఉండిపోతుంది. ఒక్క కంప్యూటరు స్థానంలో బల్లకొకటి వచ్చి, ప్రయోగశాల రెండంతస్తులై, ఉద్యోగులు ఎన్నింతలైనా ఈ నియమం మారలేదు. కొత్తగా చేరినవారికి ఖాతా ఇచ్చేటప్పుడు ఆమె తమ పొరపాటును తామే కథలా చెప్పేవారని మీలో చాలామందికి తెలుసు. మీరు ఆమె దగ్గర నేర్చుకున్నది ఏమిటో నాకు తెలియదు గానీ, మా ఇంట్లో పిల్లలు ఒక పని పాడైనప్పుడు "అదే పాడైపోయింది" అనకుండా "నేను పాడుచేశాను" అనడం ఆమె దగ్గరే నేర్చుకున్నారు.

టెక్నీషియన్‌గారికి పదోన్నతి వచ్చి బృందం మారినప్పుడు ఆ మార్పు కోసం అక్కయ్య గదికి రాక తప్పలేదు. గుమ్మంలోనే నిలబడి అడిగారట: "విచారణ తర్వాత నాకు కొత్త నంబరు ఇచ్చారు కదా. అది ఎవరిది?"

"ఎవరిదీ కాదమ్మా. సరికొత్తది. నీ తర్వాత కూడా ఎవరికీ పోదు."

"అయితే సరే" అని లోపలికి వచ్చి కూర్చుని, టీ తెప్పించమన్నారట. ఆ రోజు అక్కయ్య ఇంటికి వచ్చి చెప్పులైనా విడవకుండా, "చెల్లాయ్, ఆవిడ టీ తాగింది" అన్నారు. నాకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

ఆ టెక్నీషియన్‌గారే నేడు ప్రయోగశాల అధిపతి. ఈ వ్యాసం నన్ను రాయమన్నదీ వారే. అక్కయ్య స్థానంలోకి వస్తున్న ఉద్యోగి మొన్న వారిని, "మేడమ్ ఖాతా ఏం చేద్దామండీ?" అని అడిగారట. "తాళం వేయండి. ఆ నంబరు మాత్రం ఎవరికీ ఇవ్వకండి" అన్నారట వారు. ఈ సంగతి ఇంట్లో చెబితే అక్కయ్య అప్పటికే ఉప్పు వేసిన కూరలో మళ్ళీ ఉప్పు వేశారు.

ఈ నెలాఖరుతో వీధి గదిలో ఆమె ఆఫీసు సంచి తగిలించే కొక్కెం ఖాళీ అవుతుంది. అక్కడ గొడుగు తగిలిద్దామా అని అడిగాను. "ఉండనీ చెల్లాయ్. ఖాళీగానే ఉండనీ" అన్నారు. నా చెవులను నేను నమ్మలేకపోయాను. ఇక వంటింట్లో ఆమెకు చూడటానికి, రుచి చూడటానికి పూర్తి అనుమతి ఉందని, అలమరల్లో డబ్బాల వరుస మార్చే అధికారం మాత్రం ఇంకా నా దగ్గరే ఉందని ఈ సంచిక ముఖంగా మనవి చేస్తున్నాను.

ఇన్నేళ్ళు ఎవరి పేరు వారికి, ఎవరి పని వారికి భద్రంగా అప్పగించిన మా అక్కయ్య, బావగారితోనూ మా అందరితోనూ కలిసి సంపూర్ణ ఆరోగ్యంతో, నిశ్చింతగా, దీర్ఘకాలం జీవించాలని, ఆ కొక్కెం అలా ఖాళీగా ఉండటాన్ని తీరిగ్గా కూర్చుని చూసే ఉదయాలు వారికి లెక్కలేనన్ని రావాలని మనసారా కోరుకుంటున్నాను.