పెంచలయ్యకు నేను పెట్టిన పేరు

ఏంది పాపా, జైలు నుంచి వచ్చినోళ్ళకు కొత్త పేరు ఇయ్యాలా వద్దా అని మీ కాలేజీలో వాదన పెట్టినారా? లా చదివే పిల్లవి, మామను అడగతా ఉండావే! సరే, కూర్చో. ఆ పని గవర్నమెంటు కంటే ముందు నేనే చేసినాను లే.

మన గొర్రెలు మేపే పెంచలయ్య తెలుసు గదా. వాడిది ఉదయగిరి పక్కన ఊరు. నీళ్ళ వంతు కాడ కొట్లాటలో కట్టెతో కొడితే అవతలోడు చచ్చిపొయినాడు. శిక్ష పడింది. తిరిగొచ్చేతలికి సొంతూర్లో టీ కూడా పొయ్యలా. మా ఇద్దరిదీ ఒకటే బడి... కాదు కాదు, బడి వేరే, హాస్టలు ఒకటి. నేనే అనంతసాగరానికి పిలుచుకొచ్చి, "ఈడు రమణయ్య, మా ఆడోళ్ళ తరపు బంధువు" అని ఊరంతా చెప్పినాను. వాణ్ణి ఒక్క మాట అడగలా. రెండేళ్ళు బ్రహ్మాండంగా జరిగింది. ఊరోళ్ళు గూడా వాళ్ళ జీవాల్ని వాడి మందలోకే తోలినారు.

ఒకసారి ఆత్మకూరు సంతలో పది గొర్రెలు కొన్నాం. అప్పటి ధర చెప్తే నువ్వు నవ్వతావు, ఒద్దులే. వాటి చెవులకు పాతోళ్ళ గుర్తు కోత ఉండాది. "ఆ చెవి కొస కోసేసి మన గుర్తు పెట్రా" అన్నా. కత్తి పట్టుకొని అట్నే నిలబడినాడు.

"పాత గుర్తు తీసేస్తే దొంగ గొర్రె అంటారన్నా. అది ఉండనీ. రెండో చెవికి మనది పెడదాం."

నాకు తెలీదా! ఏదో తొందరలో అన్నా.

తెల్లారి పాలకేంద్రం కాడ అందరి ముందరా చెప్పేసినాడు. "నా పేరు పెంచలయ్య. మనిషిని చంపి జైలుకు పొయినోణ్ణి. మీ జీవాల్ని తోలుకోని పోతారో, ఉంచుతారో మీ ఇష్టం." "ఎందుకురా, బాగనే ఉండావు గదా" అంటే, "నేను చంపినోడి పేరు మారలా గదన్నా" అన్నాడు.

ఇద్దరు తోలుకోని పొయినారు. ఇంక మంద చెదిరిపోయిందనే అనుకున్నా. మూడోది కోటమ్మవ్వ. ఆమెకు ఉండేదే నాలుగు గొర్రెలు. వాడి మొహంలోకి చూసి, "మా నల్లదానికి కాలు వాచింది, వచ్చి చూడు పెంచలయ్యా" అనింది. రమణయ్య అనలా, చూసినావా! మిగతావోళ్ళు గూడా జీవాల్ని మందలోనే ఉంచేసినారు.

ఇప్పుడు సంతలో "పెంచలయ్య మందేనా?" అని అడిగి మరీ కొంటారు. నాకు ఛాతీ ఇంత అవతాది. ప్రాణభయం ఉండేవోళ్ళకు కొత్త పేరు ఇయ్యండి పాపా, కాదనను. కానీ ముందు ఆ మనిషిని అడగండి. నేను అడగలా. నువ్వు జడ్జీ కుర్చీలో కూర్చున్న రోజు అడుగు. చల్లగా ఉండు నా తల్లీ...

అదిగో, మంద వస్తా ఉండాది. గేటు తియ్యి. పెంచలయ్య మామా అని గట్టిగా పిలువు, పలుకుతాడు.