సరంగు ఇంటి దీపం

హలో… ఆ, నేనే. బావని. ఆదివారం పేపరు తెరిచాక నేను కాక ఇంకెవరు చేస్తారోయ్ నీకు?

…

చదివాను. 'ఈ దశాబ్దపు పది ఉత్తమ చిత్రాలు.' నీ ఫోటో కూడా చూశాను. దవడ కింద చెయ్యి పెట్టుకుని… ఆలోచనలా లేదు, పన్నునొప్పిలా ఉంది.

…

లేదు, పొగడటానికి చెయ్యలేదు. ముందొక మాట తేల్చుకుందాం. 'మా ఆయన గుర్తుందన్నాడంటే అది జరిగి తీరినట్టే' అని మీ అక్క ఊరంతా చాటుతుంది కదా. నువ్వూ ఒప్పుకుంటావు కదా? … మంచిది. ఆ మాట మీద నిలబడే వాదిస్తాను. సరంగు సినిమాకి తొమ్మిదో స్థానమేమిటయ్యా?

…

కోర్టు సినిమా మొదటిదా! అందులో ఏముంది, ఉపన్యాసాలు తప్ప? ఉపన్యాసాలే కావాలంటే నన్ను పిలు, టికెట్టు లేకుండా ఇస్తాను. దానికీ దీనికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత దూరం.

…

'ముగింపు మరీ కర్కశం.' సరిగ్గా ఆ వాక్యం దగ్గరే నాకు ఒళ్ళు మండింది. కర్కశమెక్కడిది? వరదకి రేవు కొట్టుకుపోయింది. సరంగు పడవ ఎలాగో ఒడ్డుకి చేర్చాడు. ఇల్లు చీకటిగా ఉంది. లోపల భార్య బతికి ఉందో లేదో తెలీదు. అప్పుడు కిటికీలో దీపం వెలుగుతుంది. అక్కడితో అయిపోతుంది. ఆ ఒక్క దీపానికి మొదటి స్థానం ఇవ్వచ్చునోయ్.

…

ఏమిటీ?

… వెలగదా?

వెలగకపోవడమేమిటి! పసుపుపచ్చటి వెలుగు. ముందు వణికింది, తరవాత నిలబడింది. కిటికీ అద్దం మీద వానచుక్కలు కూడా వర్ణించగలను, వింటావా?

…

ఎన్నిసార్లు చూస్తేనేం! పదీ కలిపి రాసేటప్పుడు పప్పులో కాలేశావు. ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు. విమర్శకుడు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

…

పందెమెందుకు, ప్రయోగం చేతిలో ఉండగా? డిస్కు ఇంట్లోనే ఉంది, పోయిన నెల మీ అక్కా నేనూ చూసిందే. ఉండు, పెడుతున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ల్యాబులో పిల్లలకి చెప్పిందదే. 'గుర్తుందండీ' అనకు, చూపించు. … ఆ, నాకూ వర్తిస్తుంది. ఎందుకు వర్తించదు?

వస్తోంది… చివరికి జరుపుతున్నాను… ఇదిగో, ఒడ్డు. దిగాడు. నడుస్తున్నాడు. ఇప్పుడు చూడు…

—

ఇప్పుడు…

—

పేర్లు పడుతున్నాయి.

…

ఉండు. మళ్ళీ చూస్తాను.

—

లేదు. కిటికీ చీకటిగానే ఉంది.

… నవ్వుకో. నవ్వుకోవడం నీ హక్కు. … అది కాదోయ్, ఓడిపోయినందుకు కాదు. నాకు ఆ దీపం ఇప్పుడు కూడా కనిపిస్తోంది. కళ్ళు మూసుకుంటే చాలు. మా వీధి చివర దీపం కూడా అంత స్పష్టంగా గుర్తులేదు. లేని దీపానికి ఆ వానచుక్కలెక్కడివి?

…

వయసు. సరే, వయసే అనుకుందాం. … మీ అక్కా? పడుకుంది. టిఫిను సగం తిని, ఒళ్ళు తేలిపోతున్నట్టుంది, కాసేపు నడుం వాలుస్తానని లోపలికెళ్ళింది.

…

ఇన్సులినా? ఇచ్చాను. రోజూ ఇచ్చేది నేనే కదా. సూది మీద గీతలు తనకి ఆనవు. లేవగానే ఇచ్చాను, మంచం అంచున కూచోబెట్టి. చురుక్కుమందని విసుక్కుంది కూడా…

…

లేదు, వంటింట్లో.

…

అంటే… మంచం మీద. కానీ వంటింట్లో కుర్చీలో కూడా… పాలు పొంగబోతుంటే ఒక చేత్తో స్టవ్వు ఆపి… ఆ చెయ్యి తుడుచుకుని…

ఒకటి నిన్నటిది అయ్యుంటుంది.

… ఏదో తెలీదు.

నేనూ అదే ఆలోచిస్తున్నాను. రెండూ కనిపిస్తున్నాయి. రెండూ ఒకేలా… ఆ దీపంలా కనిపిస్తున్నాయి.

…

రాయలేదు. డాక్టరమ్మ చెప్పింది, ఇచ్చినప్పుడల్లా క్యాలెండరు మీద ఓ గీత గీసుకోండి అని. అక్కర్లేదమ్మా, నాకు గుర్తుంటుంది అన్నాను. … తిట్టకు. తరవాత తిట్టు, తీరిగ్గా తిట్టు.

వాడేసిన సూదుల డబ్బాలోనా? నిండా ఉన్నాయి. ఏ సూది ఏ రోజుదో దాని నుదుటన రాసి ఉంటుందా!

వెళ్తున్నాను. ఫోను చేతిలోనే ఉంది. గదిలోకే వెళ్తున్నాను…

ఇదిగో, నిన్నే. … నిన్నే. లే ఒకసారి. … లేవవూ?

—

పలకడం లేదు నాయనా.

చెమట. జాకెట్టు తడిసి ముద్దయింది. చెయ్యి చల్లగా… మరీ చల్లగా ఉంది. … ఊపిరి ఉంది. ఉంది, ఉంది. నా చెంపకి తగులుతోంది.

నువ్వు నీ రెండో ఫోన్లో అంబులెన్సుకి చెయ్యి. ఇది పెట్టెయ్యకు. పెట్టెయ్యకు… 

షుగరు మిషను… సొరుగులో… ఉంది. ఈ పట్టీ లోపలికి దూరదేం? … తిరగేసి పెట్టాను. దూరింది. వేలు పొడుస్తున్నాను… ఇంత పొడిచినా అబ్బా అనలేదు. దూది తగిలితేనే గోల చేసే మనిషి.

—

ముప్ఫై ఎనిమిది.

…

తెలుసు. తెలుసయ్యా! షుగరు అంతలా పడిపోతే ఏమవుతుందో నాకు చెప్పాలా!

… ఏమంటున్నారు వాళ్ళు? … స్పృహ లేకపోతే నోట్లో నీళ్ళు పొయ్యొద్దా… సరే. పక్కకి తిప్పమన్నారా… తిప్పాను. పంచదార తడిపి చిగుళ్ళకి… ఉండు, వంటింట్లోకి…

వచ్చాను. సగం ఒలికింది. రాస్తున్నాను.

ఇదిగో, నిన్నే… చప్పరించు. తీపి. ఇన్నాళ్ళూ వద్దు వద్దని చేతిలోంచి లాక్కున్నానే, ఇవాళ నేనే పెడుతున్నాను… చప్పరించవే…

—

నువ్వు మాట్లాడకు కాసేపు.

… లేదు, మాట్లాడు. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. కోర్టు సినిమా గురించి చెప్పు. అదే మొదటిది, ఒప్పుకుంటున్నాను. నీకేది కావాలంటే అది మొదట పెట్టుకో. ఏడవకుండా చెప్పు…

…

ఏమో, ఎంతసేపయిందో. నన్నడగకు.

—

నాలిక కదిలింది.

కదిలిందోయ్! ఇంకాస్త… ఆ… మింగింది. … కళ్ళు తెరుస్తోంది. నన్నే చూస్తోంది. ఇదిగో, నేనే. ఎవరు నేను? … ఆ తిట్టు చాలు, గుర్తుపట్టింది.

ఇప్పుడు నీళ్ళల్లో కలిపి పట్టమంటున్నారా? … నాకు ఆనుకో… నెమ్మదిగా… గుక్కెడు. ఇంకో గుక్కెడు.

…

మీ తమ్ముడే, ఫోన్లో. … 'ఇద్దరూ ఎందుకలా అరుచుకుంటున్నారు, మళ్ళీ సినిమాలా' అంటోంది.

ఉండు, ఏదో చెప్తోంది. … నీకు కాదు, నాకే.

—

ఏమన్నావు? మళ్ళీ చెప్పు.

—

… ఉన్నాను. లైన్లోనే ఉన్నాను.

వింటున్నావా? నేను వంటింట్లోకి సూది పట్టుకొచ్చానట. 'ఇందాకే ఇచ్చారు కదండీ' అందిట. 'ఇవ్వలేదు, నాకు బాగా గుర్తుంది' అన్నానట.

… అవును.

… అవును, ఇంకేమీ అనలేదట. చెయ్యి చాపిందట.

…

మళ్ళీ పరీక్ష చేశాను. డెబ్భై రెండు.

తలుపు కొడుతున్నారు. వస్తున్నానండీ! … తలుపు తీసే ఉంది, తోసుకుని రండి!

నీ దగ్గర కలం ఉందా? అయితే రాసుకో. ఆస్పత్రికి నువ్వు రా, వాళ్ళకి నువ్వు చదివి వినిపించు. నన్ను అడగనివ్వకు.

రాస్తున్నావా? … ఇన్సులిను పొద్దున్నే రెండుసార్లు పడింది. మొదటిసారి మంచం మీద, రెండోసారి వంటింట్లో. షుగరు మొదట ముప్ఫై ఎనిమిది, తరవాత డెబ్భై రెండు.

… ఆ, అదీ రాసుకో. దీపం వెలగదు.

పెట్టేస్తున్నాను.