మంచుల మస్టాంగ్, వెనక సీట్ల మీ డాడీ

"ఆంటీ, పాత మస్టాంగ్ కొనొద్దు అంటున్నారు డాడీ. మీరు రోజూ అదే డ్రైవ్ చేస్తారు కదా. నిజంగా అంత డేంజరా?"

మీ డాడీ అన్నడా? నర్సింగరావన్నే అన్నడా ఆ మాట? అయ్యో రామా. కూసో బిడ్డా, చాయ్ తాగుకుంట విను. మీ డాడీ చెప్పని ముచ్చట ఒకటున్నది.

నాకు అరవై ఐదేండ్లొచ్చినయి, అమెరికాల ఈ నోవై ఊర్ల ఎండైనా మంచైనా నేను నడిపేది గదే. ఇప్పుడున్నది మూడోది. మొదటిది ఆకుపచ్చది, మీ అంకుల్ తెచ్చిండు. అప్పుడు ఈయన కార్ల కంపెనీల కాంట్రాక్ట్ మీద ఐటీ చేస్తుండె. ఆడ లంచ్‌లైనా మీటింగ్‌లైనా ఇంజిన్ల ముచ్చటే. డేవ్ అని ఒకాయన రిటైరై తన కారు అమ్ముతున్నడంటే, ఈయన మురిసిపోయి పట్టుకొచ్చిండు. పదేండ్ల పాతది... పది కాదు, పన్నెండు. వీ-ఎయిట్, ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజిన్. చాలా అగ్గువకు వచ్చింది. గ్యాస్, అదే పెట్రోల్, కూడ అప్పుడు గ్యాలన్ డాలరున్నరో, పావు తక్కువ రెండో, లేకుంటే ఆ ఇంజిన్‌ను సాకుడు మాతోని అయ్యేదా?

మన అపార్ట్‌మెంట్లల అందరియి ఒకటే తీరు సెడాన్లు, పిల్లలు పుడితే వ్యాన్. ఈయన పొద్దున స్టార్ట్ చేస్తే మూడు బిల్డింగులు లేస్తుండె. మీ డాడీ పై బాల్కనీలకెల్లి, "ప్రభాకరా, అది కారా, పిండి గిర్నియా?" అని నవ్వెటోడు. నాకు సిగ్గయ్యేది. నేను దాన్ని ముట్టుకోను కూడ ముట్టుకోలే.

నా సంగతి నీకు తెలుసు గదా, కరీంనగర్ల పేషెంట్లకు ఫిజియోథెరపీ చేసేదాన్ని. ఈడికొచ్చినంక డిపెండెంట్ వీసా, దాని మీద పని చేయనియ్యరు. ఇంక వంట, టీవీ, కిటికీ. పని చేసే చేతులు ఊకె ఉంటే మనిషి ఎట్లైతదో... పిచ్చి లేస్తది బిడ్డా, నిజంగ. ఆఖరికి ఒక క్లినిక్ వాళ్లు తీసుకుంటమన్నరు. కని ఏప్రిల్ల పని చేసే వీసా ఫైల్ చేయాలంటే అప్పటికి నాకు ఫిజియోథెరపీ లైసెన్స్ ఉండాలె, లైసెన్స్ రావాలంటే ఆ ఫిబ్రవరి శనివారం ఎగ్జామ్ రాయాలె. తప్పితే మళ్ల ఏడాది. ఇంకో ఏడాది నాతోని కాదని నాకు తెలుసు.

ఇప్పుడు అసలు పరేషాన్ విను. ఆ కారుకు బరువంతా ముందల, ఇంజిన్ దిక్కు. తోసేటివేమో వెనక చక్రాలు. మంచు పడ్డదంటే వెనక భాగం తేలికై జారుతది. ఈడోళ్లు ట్రంకుల, అదే డిక్కీల, ఇసుక సంచులు ఏస్తరు. మీ అంకుల్ ఇసుక ఎందుకని, ఇండియన్ స్టోర్ల సేల్ ఉంటే బియ్యం బస్తాలు తెచ్చి ఏసిండు. బరువుకు బరువు, చలికాలం అయిపోతే వండుకోవచ్చని. నాకు చెప్తే గదా! నేనేమో దించుడు మర్చిపోయిండనుకున్న.

శుక్రవారం గుడిల అన్నదానం వంట. ఈయన కార్ల తీసుకపోయి, తాళాలు నా చేతికిచ్చి లోపల పూజల కూసున్నడు. జనం ఎక్కువైండ్రు, బియ్యం తక్కువ పడ్డయి. నేను గొప్పగ, మా ట్రంకుల ఉన్నయి, తీసుకోండ్రి అన్న. ఇద్దరు పిల్లలొచ్చి మొత్తం ఎత్తుకపోయిండ్రు. పుణ్యం చేసిన, రేపు ఎగ్జామ్ మంచిగైతదని సంబరపడుకుంట ఇంటికొచ్చిన.

పొద్దున లేచి చూస్తే మోకాలి లోతు మంచు. స్టార్ట్ చేసి కదిలిస్తే వెనక భాగం ఇటు తిరుగుతది, అటు తిరుగుతది, ముందుకు మాత్రం పోదు. ఈయన ట్రంకు తెరిచి, "బియ్యం ఏవే?" అన్నడు. అన్నదానానికి ఇచ్చిన అన్న. "అవి బరువుకోసం ఏసిన గదనే!" అని ఫోన్ తీసిండు పాపం. క్యాబ్‌కు ఫోన్ చేస్తే రెండు గంటలన్నరు. స్టోర్ ఇంకా తెరవలే. మీ వ్యానేమో మీ మమ్మీ హాస్పిటల్ డ్యూటీకి తీసుకపోయింది. నేను ఆ మంచులనే నిలబడి ఏడుస్తున్న.

అప్పుడు మీ డాడీ బాల్కనీలకెల్లి చూసి, లుంగీ మీదనే కోటేసుకొని దిగిండు. "ఎన్ని బస్తాలుండె?" అన్నడు. ఐదన్నడు ఈయన. "జరుగుండ్రి, నేను వెనక కూసుంట" అన్నడు. నువ్వు చిన్నపిల్లవు, మీ నానమ్మ దగ్గర పండుకున్నవు. అప్పటి మీ డాడీ నీకు యాదికుండడు గదా, ఇప్పటికి రెండింతలు! ఆ వెనక సీటు చిన్నపిల్లలకే ఇరుకు. మోకాళ్లు గదుమకు తగులుతున్నయి, తల పై కప్పుకు తగులుతున్నది, "పోనియ్ ప్రభాకరా" అంటడు. ట్రంకుల ఈయన పారతోని మంచు కూడ నింపిండు. అంతే, చక్రాలకు పట్టు దొరికింది. మెల్లగ, మెల్లగ... దారంత మీ డాడీ, "చెల్లె, నువ్వు చదువుకో, రోడ్డు దిక్కు చూడకు" అనుడే. ఆయన మాత్రం కండ్లు గట్టిగ మూసుకున్నడు, నేను అద్దంల చూసిన.

ఎగ్జామ్ సెంటర్‌కు పోయినం. చూస్తే పార్కింగ్ లాట్ తెల్లగ ఉన్నది, ఒక్క టైరు గుర్తు లేదు. తలుపులకు తాళం. క్యాన్సిల్ అయిందనుకున్న. కడుపుల నుంచి వచ్చింది ఏడుపు, ఆపినా ఆగలే. 

ఎంతసేపున్నమో తెల్వదు, ఒక పెద్ద పికప్ ట్రక్కు వచ్చింది. ఆ సెంటర్ల పనిచేసేటామె. మంచుల ఆమే ఇరుక్కున్నదట, అందరికీ రెండు గంటలు లేటుగ మొదలుపెడ్తున్నమన్నది. మమ్ముల, ఆ కారును చూసి, "మీరు దాంట్ల వచ్చిండ్రా?" అని నోరు తెరిచింది. అంత తేలికైంది బిడ్డా నా పాణం, అక్కడనే నవ్వు మొదలైంది. ముగ్గురం నవ్వినం. మీ డాడీ దిగుదామంటే కాళ్లు పట్టేసినయి, ఇద్దరం గుంజితే బయటికొచ్చిండు. ఫిజియోథెరపిస్టును గదా, ఆ మంచులనే ఆయన మోకాళ్లు సరిచేసిన. అమెరికాల నా మొదటి పేషెంట్ మీ డాడీయే.

పాసైన. వీసా వచ్చింది. అక్టోబర్ల పనికి పోయే మొదటి పొద్దు, మీ అంకుల్ దించుత అన్నడు. వద్దన్న, ఎండకాలమంత నువ్వే నడుపుడు నేర్పినవు గదా, తాళాలియ్యి అన్న. ఎవ్వరు లేరు కార్ల, నేనొక్కదాన్నే. ఆ ఇంజిన్ చప్పుడుకు అంతకుముందు సిగ్గుపడేదాన్ని గదా, ఆ రోజు మాత్రం మూడు బిల్డింగులు లేవనియ్యి అనుకున్న. లేచి చూడనియ్యి, నేను పనికి పోతున్న.

కొనుక్కో బిడ్డా. మంచి మెకానిక్‌కు చూపిచ్చి కొను, చలికాలం టైర్లు ఏసుకో. మీ డాడీతోని నేను మాట్లాడుత. నీ సంపాదన, నీ తాళాలు. సల్లగ పోయి సల్లగ రా, నా తల్లి. ఆఁ... చాయ్ సల్లారింది చూడు, ఇటియ్యి, మళ్ల వేడి చేస్త...